కుక్క బొచ్చు, దువ్వెన, పిడుదు

హైదరాబాదు నగరం నడుమ అమీర్‌పేట, పంజగుట్ట అని రెండు పేటలు ఉన్నవి. ఒకప్పుడు తోటలకు, బండరాళ్లకు, నవాబుల భవనాలకు నెలవైన ఈ ప్రాంతంలో నేడు అంతస్తుమీద అంతస్తుగా ఇండ్లు లేచినవి. 2017 నుండి మెట్రో రైలు వాటి నడుమనే పోవుచున్నది. ఇట్టి ఇండ్లలో కుక్కను పెంచేవారు దానికి ఏమి తినిపించవలెనో విచారింతురు. ఏ టీకా ఎప్పుడు వేయించవలెనో తెలిసికొందురు. దువ్వెన మాట వచ్చేసరికి మాత్రం అది ముద్దుకో ముస్తాబుకో చేసే పని అని తలచేవారే ఎక్కువ. కుక్కను దువ్వుచున్న వానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుట కూడ కద్దు.

ఆ నవ్వుకు కారణం లేకపోలేదు. తెలుగువారి ఇండ్లలో కుక్క స్థానం అనాదిగా వాకిలి, పెరడు, కళ్లం. అది ఇంటికి కాపు కాచేది, మిగిలిన అన్నం తినేది, మట్టిలో పొర్లి, తన ఒంటిని తానే గోకికొని, నాకికొని శుభ్రపరచుకొనేది. కొల్లేటి ప్రాంతంలో బాతులను మళ్లించుటకు పెంచిన జోనంగి జాతి కుక్కను చూచినచో ఈ సంగతి బాగా తెలియును. దాని బొచ్చు పొట్టిది, నునుపైనది, ఒంటిని అంటిపెట్టుకొని ఉండును. బురదలో దిగి వచ్చినా కొంతసేపటికి బురద ఎండి రాలిపోవును. అట్టి కుక్కకు దువ్వెన అవసరమని ఎవరికీ తోచకపోవుట సహజమే. కాని వాకిటి కుక్క గదిలోకి వచ్చినది, పొట్టిబొచ్చు కుక్కకు బదులు చలిదేశపు దట్టమైన బొచ్చు కుక్క వచ్చినది. ఈ రెండు మార్పులు జరిగిన తరువాత దువ్వెన సంగతి వేరు.

వేటగాని చేయి

కుక్క ఒంటిని మనిషి చేతితో సంరక్షించుట మొదట వేటగాండ్ర పని. క్రీస్తు శకం రెండవ శతాబ్దిలో గ్రీకు గ్రంథకర్త అరియన్ వేటకుక్కల గురించి ఒక పుస్తకం వ్రాశాడు. అలెగ్జాండరు దండయాత్రల చరిత్ర వ్రాసినవాడు ఇతడే. కుక్క ఒళ్లంతా చేతితో రుద్దుట గుర్రానికి మాలీసు చేసినంత మేలు చేయునని అతడు అందులో చెప్పినాడు. తన సొంత కుక్క హోర్మే పేరు ముందుతరాలవారికి తెలియవలెనని దానిని కూడ పుస్తకంలో చేర్చినాడు. పదునాల్గవ శతాబ్ది చివర, 1387లో, ఫ్రాన్సు దేశంలోని ఫ్వా ప్రభువు గాస్తోన్ ఫేబస్ వేట గురించి ఒక గ్రంథం మొదలుపెట్టినాడు. దాని వ్రాతప్రతులలోని రంగుల బొమ్మలలో ఒకచోట పరిచారకులు కుక్కల పాదాలు చూచుట, నోరు తెరచి పరీక్షించుట, ఒంటిని దువ్వుట కనిపించును. వేటనుండి వచ్చిన కుక్క ఒంటిమీద ముండ్లు, గడ్డివిత్తులు, గాయాలు ఉండును గదా! వాటిని వెదకుటకు దువ్వుటకంటె మంచి మార్గం లేదు.

దక్కనులోను కుక్కను గురించి శ్రద్ధగా వ్రాసినవారు లేకపోలేదు. కళ్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్ది పూర్వార్ధంలో, 1130 ప్రాంతంలో, మానసోల్లాసమనే సంస్కృత గ్రంథం రచించినాడు. రాజుల వినోదాలలో ఒకటిగా ‘సారమేయ వినోదం’ అని ఒక అధ్యాయాన్ని కుక్కలకే కేటాయించినాడు. దేవతల కుక్క అయిన సరమ సంతానం కాబట్టి కుక్కకు సారమేయమని పేరు. ఆ కళ్యాణి పట్టణం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది, ఇప్పుడు కర్ణాటకలోనిది.

హైదరాబాదులో పశువు ఒంటిని నియమంగా దువ్వే కళ ఉన్నచోటు కుక్కల గది కాదు, గుర్రపుశాల. పంజగుట్టకు, ఖైరతాబాదుకు నడుమ ఎత్తైన గుట్టమీద నవాబు ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ఇర్రమ్ మంజిల్ భవనం నేటికీ నిలిచి ఉన్నది. ఆ భవనానికి పోలో మైదానం, గుర్రపుశాలలు ఉండేవి. 2019లో దానిని పడగొట్టి అక్కడ శాసనసభా భవనం కట్టవలెనని ప్రభుత్వం తలపెట్టగా, ఆ ఏడే హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. గుర్రాన్ని చూచుకొనే సాయీసు ఉదయాన మొదట ఎదురుబొచ్చుగా రుద్ది దుమ్ము లేపును; తరువాత వాలుబొచ్చుగా కుంచెతో తీసి, చివరకు గుడ్డతో తుడుచును. గుర్రం దువ్వే ఈ క్రమమే కొద్దిమార్పులతో కుక్కకు కూడ సరిపోవును.

పంజగుట్టకు ఆనుకొని పడమటివైపున ఉన్న బంజారా హిల్స్‌కు ఆ పేరు ఎట్లు వచ్చినదో అందరికీ తెలిసినదే. ఎద్దులమీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కను అంతటా తిరిగిన లంబాడీలనే బంజారాలని అందురు. వారి గుడారాలకు, సరకుకు కాపుగా ఉండిన కుక్కకు బంజారా కుక్క అని పేరు. జోనంగివలె గాక దీనికి గరుకైన, కొంచెం పొడవైన బొచ్చు ఉండును. చెవులనుండి కూడ వెండ్రుకలు వేలాడుచుండును. కాబట్టి బొచ్చు కుక్క అనగానే విదేశీ కుక్క అనుకొనుట సరికాదు. అయితే బంజారా కుక్క తండాతో నడిచేది, ముండ్లపొదలలో దూరేది. రాలవలసిన బొచ్చును పొదలే దువ్వి తీసివేసేవి.

అలంకారంగా దువ్వుట వేరే దారిలో వచ్చినది. పారిస్ నగరంలో పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దులలో సేన్ నది వంతెనలమీద, ఒడ్డున కుక్కల బొచ్చు కత్తిరించి బ్రదికేవారు ఉండేవారు. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో మొదటి కుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్ ఏర్పడినది. ప్రదర్శనలో బహుమతి రావలెనన్న ఆశతో, నీళ్లలోనో మంచులోనో పనిచేయుటకు పుట్టిన జాతుల బొచ్చును తరతరాలుగా పెంచినారు. పని పోయినది, బొచ్చు మిగిలినది. అట్టి కుక్కలే నేడు దక్కను ఎండలో నాలుగవ అంతస్తులో కూర్చున్నవి.

వెండ్రుక లెక్క

మనిషి తలలో ఒక్కొక్క రంధ్రంనుండి సాధారణంగా ఒకటి రెండు వెండ్రుకలు లేచును. కుక్క చర్మంలో అట్లు కాదు. ఒక్క రంధ్రంనుండి ఒక గట్టి పైవెండ్రుక, దాని చుట్టును ఎన్నో మెత్తని సన్నని నూగువెండ్రుకలు గుంపుగా లేచును. పైబొచ్చు నీటిని, ఎండను, గీతలను అడ్డును. లోనూగు గాలిని పట్టి ఉంచును. గాలి వేడిని త్వరగా పోనీయదు కాబట్టి ఈ రెండూ కలిసి కుక్కకు కంబళి వంటివి. జర్మన్ షెపర్డు, లాబ్రడార్, పొమరేనియన్, హస్కీ జాతులకు రెండు పొరలూ ఉండును. పూడిల్ వంటి వాటికి వెండ్రుక మానక పెరుగును, తక్కువగా రాలును, కాని ఉండకట్టును. కుక్కజాతులలో కనిపించే ఇన్ని రకాల బొచ్చుకు మూలం ఎంత పెద్దదో అనుకొంటిమి. 2009లో ఎనుబది జాతులకు చెందిన వేయికి పైగా కుక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు అందులో ఎక్కువ భాగానికి మూడే జన్యువులు కారణమని తేల్చినారు. వెండ్రుక పొడవును ఒకటి, ఉంగరాలు తిరుగుటను ఒకటి, మీసాలు, కనుబొమ్మలవద్ద గరుకుబొచ్చును ఒకటి శాసించును.

వెండ్రుక ఎల్లప్పుడు పెరుగదు. కొంతకాలం పెరిగి, కొంతకాలం ఊరకుండి, తరువాత రాలును. ఎప్పుడు రాలవలెనో కుక్క శరీరం ముఖ్యంగా పగటి నిడివినిబట్టి తెలిసికొనును. ఇచట భూగోళశాస్త్రం అక్కరకు వచ్చును. లండనులో శీతకాలపు అతి చిన్న పగలు ఎనిమిది గంటలకు తక్కువ. వేసవిలో అతి పెద్ద పగలు పదహారున్నర గంటలకు పైన. హైదరాబాదు సుమారు 17½ డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నది. ఇచట అతి చిన్న పగలు పదకొండు గంటలు, అతి పెద్ద పగలు పదమూడు గంటల చిల్లర. తేడా రెండు గంటలే! దానికితోడు ఇంట్లో రాత్రి పదకొండు గంటల వరకు విద్యుద్దీపాలు. చలిదేశపు కుక్క శరీరానికి ఏది వసంతమో, ఏది శరత్తో స్పష్టంగా తెలియదు. అందుచేత అది ఏటికి రెండుమార్లు గుట్టలుగా రాల్చుటకు బదులు ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా రాల్చుచుండును. రాలిన నూగు కిందపడక పైబొచ్చులోనే చిక్కుకొనును. చెమ్మ తగిలినచో చాపవలె అల్లుకొనును. చాప కింద చర్మానికి గాలి ఆడదు. వానకాలంలో అక్కడ చెమ్మ నిలిచి, ఎర్రబడి, రసి కారే పుండ్లు పుట్టును.

ఎండకాలం రాగానే కుక్కకు గుండు చేయించే వాడుక నగరంలో ఉన్నది. ఇది దయతో చేసే పొరపాటు. కుక్క మనవలె ఒళ్లంతా చెమట పోసి చల్లబడదు. దాని చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున ఉన్నవి. అది నాలుక బయటపెట్టి రొప్పుటచేత చల్లబడును. బొచ్చు తీసివేసినచో చెమట ఆరే లాభం కలుగదు సరిగదా, ఎండ నేరుగా చర్మానికి తగులును. రెండు పొరల బొచ్చున్న కుక్కలలో కొన్నిటికి గొరిగిన తరువాత బొచ్చు మరల సరిగా రావడానికి ఏడాదికి పైగా పట్టును. దువ్వి రాలిన నూగును తీసివేసినచో గాలి ఆడును, పైబొచ్చు గొడుగు అట్లే ఉండును. చర్మం కింది గ్రంథులనుండి ఊరే నూనె వెండ్రుక పొడవునా పరచుకొనుట కూడ దువ్వుటవలన కలిగే లాభమే.

పిడుదు నేరం బయటపడుట

ఇంతవరకు చెప్పినది అందమో, హాయియో అనుకొనవచ్చును. దువ్వెన ప్రాణం కాపాడే పనిముట్టు అని తెలిసినది పందొమ్మిదవ శతాబ్ది చివరి పదేండ్లలో, ఇరువదవ శతాబ్ది మొదటి పదేండ్లలో. ఆ కథలో ఒక ఘట్టం అమీర్‌పేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జరిగినది.

అమెరికా దక్షిణభాగపు పశువులు ఉత్తరానికి తోలుకొని పోయినప్పుడెల్ల అక్కడి పశువులు జ్వరం వచ్చి చచ్చేవి. తెచ్చిన పశువులు మాత్రం ఆరోగ్యంగానే కనిపించేవి. దీనికి పిడుదులే కారణమని పశువుల కాపర్లు అనేవారు, చదువుకొన్నవారు నమ్మలేదు. థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు 1889 నుండి దీనిని పరీక్షించినారు. దక్షిణపు పశువులను రెండు మందలుగా చేసి, ఒక మంద ఒంటిమీది పిడుదులన్నిటిని చేతితో ఏరివేసి, ఉత్తరపు పశువులతో కలిపి కట్టినారు. రెండవ మందను పిడుదులతోనే వదలినారు. పిడుదులు ఏరిన మందతో ఉన్న ఉత్తరపు పశువులకు ఏమీ కాలేదు. రెండవ మందతో ఉన్నవాటికి జ్వరం వచ్చినది. రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి ఎర్ర నెత్తురు కణాలలో ఉండునని, పిడుదు దానిని మోయునని 1893లో వారు ప్రకటించినారు. నెత్తురు తాగే పురుగు ఒక రోగాన్ని పశువునుండి పశువుకు చేర్చునని ప్రయోగంతో రుజువైన మొదటి సందర్భాలలో ఇది ఒకటి. పరికరం ఏమిటి? ఏరిన చేతివేళ్లు!

నాలుగేండ్ల తరువాత, 1897 ఆగస్టు 20న, సికిందరాబాదు దండులో వైద్యాధికారిగా ఉన్న రోనాల్డ్ రాస్ మహాశయుడు బేగంపేటలోని ఆస్పత్రి భవనంలో ఒక దోమ కడుపు గోడను సూక్ష్మదర్శినితో చూచుచు మలేరియా క్రిమి కణాలను కనుగొన్నాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టినది. కుట్టించుకొన్నందుకు అతనికి దోమకు ఒక అణా చొప్పున ముట్టినది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ భవనం నేటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయపు సంరక్షణలో రాస్ పేరనే ఉన్నది. రాస్ చూచినది దోమనే గాని పిడుదును కాదు. అయినను పురుగు పొట్ట కోసి రోగక్రిమి అందులో ఏ రూపం దాల్చుచున్నదో వెదకే పద్ధతి అతని తరువాత దేశమంతటా వైద్యాధికారులకు అలవాటైనది.

కుక్కకు వచ్చే జ్వరం అప్పటికే వైద్యులకు తెలుసు. ఇటలీలో 1895లో కుక్క నెత్తురులో బబీసియా అనే క్రిమిని చూచినారు. 1901లో దక్షిణాఫ్రికాలో లౌన్స్‌బరీ ఇది పిడుదువలన వ్యాపించునని నిరూపించినాడు. మద్రాసు నగరపు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన క్రిస్టఫర్స్ 1907లో ఆ క్రిమి పిడుదు శరీరంలో ఎట్లు మారుచున్నదో వివరంగా ప్రచురించినాడు. క్రిస్టఫర్స్ మలేరియా శాస్త్రంలో కూడ పెద్ద పేరు గడించినవాడే. 1910లో పాటన్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసు వేటసంఘం వారి కుక్కల నెత్తురులో మరొక చిన్న క్రిమిని కనుగొని, దానికి ‘గిబ్సొని’ అని నేడు నిలిచిన పేరు పెట్టినాడు. అదే క్రిమి నక్కల నెత్తురులోను దొరికినది. మద్రాసులో మొదట గుర్తింపబడిన ఈ క్రిమి ఇప్పుడు ఆసియా దేశాలంతటా, అమెరికాలో, ఆస్ట్రేలియాలో కూడ కనబడుచున్నది. పిడుదు లేకపోయినను కుక్కలు కరచుకొన్నప్పుడు నెత్తురుద్వారా అంటుట దీని ప్రత్యేకత. దీనికి మందు కుదురుట కూడ కష్టమైనది. పశువుల జ్వరానికి 1955 నుండి వాడిన మందు దీనిపై పూర్తిగా పనిచేయలేదు. రెండు మందులు కలిపి ఇచ్చే వైద్యం ఫలించునని 2004లో గాని తేలలేదు.

మరొక రోగం ఎర్లీకియా. దీనిని 1935లో అల్జీరియాలో దోనాత్యేన్, లెస్తోకార్ వర్ణించినారు. ముప్పది ఏండ్లకు పైగా దీనిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968 మొదలు వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డు కుక్కలు వందలకొలది ఈ రోగంతో ముక్కునుండి నెత్తురు కారి చచ్చిన తరువాతనే దీనిమీద దృష్టి పడినది.

హిపటోజూన్ అని ఇంకొకటి ఉన్నది. దీని దారి విచిత్రమైనది. పిడుదు కరచుటవలన ఇది అంటదు. పిడుదును మింగుటవలన అంటును. దురద పుట్టి కుక్క తన ఒంటిని తాను కొరికికొన్నప్పుడు పిడుదు కడుపులోకి పోవును. కుక్క తన దంతాలతో చేసుకొనే శుభ్రతే దానికి రోగం తెచ్చిపెట్టును! ఆ పిడుదును ముందుగా దువ్వెన తీసివేసినచో ఈ మార్గం మూసుకొనును.

ఇంటి గోడల్లో శత్రువు

ఈ రోగాలన్నిటికి మన ఊళ్లలో ముఖ్యవాహకం ఒక్కటే: గోధుమరంగు కుక్కపిడుదు. దీనికి 1806లో లాత్రేయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు శాస్త్రీయ నామం పెట్టినాడు. నెత్తురు తాగి ఉబ్బిన ఆడపిడుదు బూడిదరంగు ఆముదపు గింజవలె ఉండును. లాటిన్ భాషలో పిడుదుకు, ఆముదపు చెట్టుకు ‘రిసినస్’ అని ఒకటే పేరు ఉండుటకు కారణం ఈ పోలికే. ఆముదం పండించే తెలంగాణ రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పిడుదు జీవితంలో మూడు దశలు కుక్కమీదనే గడచును. గుడ్డునుండి వెలువడిన పిల్లపిడుదు కుక్కను ఎక్కి తాగి, కిందపడి, పొర విడుచును. మరల ఎక్కి తాగి, కిందపడి, మరల పొర విడిచి పెద్దది అగును. మూడవమారు ఎక్కి తాగిన ఆడపిడుదు దిగి గోడపగులులో, తలుపు చట్రం వెనుక, మంచం కోళ్ల మూలలలో ఒకేసారి నాలుగువేల వరకు గుడ్లు పెట్టి చచ్చును. తిండి లేకున్నను పెద్దపిడుదు నెలల తరబడి బ్రదుకగలదు. చాలా జాతుల పిడుదులకు అడవి, గడ్డి కావలెను. ఇది మాత్రం ఇంటిలోనే తన కాపురమంతా గడపగలదు. పొడిగా వెచ్చగా ఉండే అంతస్తుల ఇల్లు దానికి తగిన నివాసం. గోడమీద పైకి ప్రాకే పిడుదును చూచినవారు, కుక్కమీద ఉన్న పిడుదులకంటె ఇంటిలో దాగినవి ఎక్కువని గ్రహించవలెను. కుక్కనుండి మనిషిని కరచినచో పిడుదు జ్వరమనే ఒకరకం టైఫస్ వచ్చుట కూడ భారతదేశంలో కద్దు. పిల్లలున్న ఇండ్లలో దీనిని మరువరాదు.

ఇప్పుడు దువ్వెన ఎంత పని చేయగలదు అన్నది ప్రశ్న. బబీసియా క్రిమి పిడుదు లాలాజల గ్రంథులలో సిద్ధంగా ఉండదు. పిడుదు కరచి నెత్తురు తాగుట మొదలుపెట్టిన తరువాతనే అది పక్వమగును. కుక్కకు చేరుటకు సాధారణంగా దాదాపు రెండు రోజులు పట్టును. కాబట్టి ప్రతిరోజు వెదకి తీసినచో పిడుదు కరచినను రోగం అంటకపోవచ్చును. ఎర్లీకియా విషయంలో ఈ వెసులుబాటు లేదు. అది కొద్ది గంటలలోనే చేరగలదు. దువ్వెన మొదటిదానిపై గెలుచును, రెండవదానిపై చాలసార్లు ఓడును. అందుచేతనే దువ్వెనను నమ్మి మందు మానరాదు. 1996 నుండి మెడవెనుక చుక్కలుగా వేసే ఫిప్రోనిల్, 2014 ప్రాంతంనుండి పిడుదులను చంపే మాత్రలు వాడుకలోకి వచ్చినవి. ఏది, ఎంత, ఎన్నాళ్లకొకసారి అన్నది కుక్క బరువునుబట్టి పశువైద్యుడు చెప్పవలసినది. కుక్కకు వేసే కొన్ని మందులు, ముఖ్యంగా పెర్మెత్రిన్, అదే ఇంట్లోని పిల్లికి ప్రాణాంతకం.

దువ్వే విధానం

పొట్టిబొచ్చు కుక్కకు రబ్బరు పండ్ల కుంచె చాలును. రెండు పొరల బొచ్చుకు ఎడంగా పండ్లున్న లోహపు దువ్వెన, లోనూగు తీసే పండ్లకుంచె కావలెను. వీటితోబాటు మన ఇండ్లలో తలలో ఈరులు తీయుటకు వాడే ఈరుపెన వంటి సన్నదువ్వెన ఒకటి ఉండవలెను. పురుగులను పట్టునది అదే. కుక్కను పాతదైన తెల్లని గుడ్డమీద నిలబెట్టవలెను. తెల్లని గుడ్డ ఎందుకనగా రాలినది ఏమిటో కనబడవలెను.

ఒక చేతితో బొచ్చును పైకి ఎత్తిపట్టి, చర్మం గీతవలె కనబడునట్లు పాయ తీసి, ఆ గీతనుండి కింది బొచ్చును కొద్దికొద్దిగా దువ్వవలెను. పైపైన దువ్వినచో పైబొచ్చు నిగనిగలాడును, అడుగున చాప అట్లే ఉండును. చాలామంది చేసే తప్పు ఇదే. చిక్కు పడినచోట మొదలుపట్టుకొని కొసనుండి విడదీయవలెను. మొండి చిక్కును కత్తెరతో చర్మానికి ఆనించి కత్తిరించరాదు. చర్మం కూడ తెగును. దువ్వుట స్నానానికి ముందు చేయవలెను. చిక్కుబొచ్చు తడిసినచో బిగిసి ముడిపడును. మనుషుల సబ్బు, షాంపూ వాడరాదు: మన చర్మం కొంత ఆమ్లగుణం కలది, కుక్క చర్మం అంత ఆమ్లం కానిది, మనదానికంటె పలుచనిది.

చెవుల లోపల, వెనుక, మెడపట్టీ కింద, చంకలలో, గజ్జలలో, కాలివేళ్ల నడుమ, తోక మొదట చేతివేళ్లతో తడిమి చూడవలెను. పిడుదులు దాగే చోట్లు ఇవే. దువ్వెన పండ్లకు చర్మానికి కరచుకొన్న పిడుదు ఊడి రాదు. దానిని సన్నని పట్టకారుతో చర్మానికి అతి దగ్గరగా పట్టి, మెలితిప్పక, నిదానంగా నేరుగా లాగవలెను. కిరసనాయిలు పోయుట, అగరువత్తి అంటించుట మన ఇండ్లలో తరచు జరిగే పని; అట్లు చేసినచో బాధపడిన పిడుదు తన లాలాజలాన్ని గాయంలోకే కక్కే ప్రమాదం ఉన్నది. నొక్కి చిదమరాదు.

కుక్కకు జ్వరం, మందకొడితనం, చిగుళ్లు పాలిపోవుట, మూత్రం ఎర్రగానో నల్లగానో వచ్చుట, ముక్కునుండి నెత్తురు కారుట కనబడినచో పిడుదు దొరికినా దొరకకపోయినా ఆలస్యం చేయక పశువైద్యునికి చూపవలెను. నెత్తురు బొట్టును సూక్ష్మదర్శినితో చూచినచో కొన్ని క్రిములు అక్కడికక్కడే తెలియును.

తెల్లని గుడ్డమీద నల్లని మిరియపు పొడివంటిది రాలినచో దానిని తడి దూదిమీద వేయవలెను. నీరుతగిలి దూదిమీద ఎర్రని చారలు వ్యాపించినచో అది మట్టి కాదు. ఫ్లీ అనే రెక్కలులేని దుముకుడు పురుగు తాగి విసర్జించిన నెత్తురు. ఆ పురుగు కుక్కకు దురద పుట్టించుటే గాక ఒకరకం నులిపురుగును కూడ మోయును. మింగిన పురుగుద్వారా ఆ నులిపురుగు కుక్కకు, అరుదుగా చిన్నపిల్లలకు చేరును.

తీసిన పిడుదులను స్పిరిట్ ఉన్న చిన్నసీసాలో వేసి మూతపెట్టి, తేదీ వ్రాసి ఉంచినచో రోజుకు ఎన్ని దొరకుచున్నవో లెక్క తెలియును. లెక్క పెరుగుచున్నచో కుక్కను కాదు, ఇంటిని వెదకవలెను. అదే సీసా ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో కూడ పనికివచ్చును. సూక్ష్మదర్శిని కింద పిల్లపిడుదుకు ఆరుకాళ్లు, తరువాతి దశలన్నిటికి ఎనిమిది కాళ్లు కనబడును. మగదాని వీపును పెంకు పూర్తిగా కప్పును; ఆడదానికి వీపు ముందుభాగాన చిన్న పెంకు మాత్రమే ఉండును. ఆ పెంకు లేని మెత్తని చర్మం సాగుటచేతనే ఆడపిడుదు ఆముదపు గింజంత ఉబ్బగలుగుచున్నది.